గ్యారంటీ వేరు, వారంటీ వేరు: ఫోన్ కొనేటప్పుడు ఈ తేడా మనకెందుకు తెలియాలి?

"రేపు గ్యారంటీగా వస్తా" అంటాం. "ఈసారి వర్షం గ్యారంటీ" అంటాం. ఎన్నికలొస్తే పార్టీలు కూడా ఇదే మాట పట్టుకుంటాయి. 2023లో తెలంగాణలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది, ఇక్కడ టీడీపీ 'భవిష్యత్తుకు గ్యారంటీ' అంది. కానీ "రేపు వారంటీగా వస్తా" అనే మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు.

అంటే మన తెలుగులో గ్యారంటీ అనే ఇంగ్లిష్ మాట ఎప్పుడో మనదైపోయింది. దానికి మనం ఇచ్చుకున్న అర్థం ఒక్కటే: ఖాయం, తిరుగులేదు. వారంటీకి అంత అదృష్టం పట్టలేదు. అది బాక్సులో చిన్న కాగితం మీదే ఉండిపోయింది. ఫోన్ అమ్మేవాళ్లు నోటితో మొదటి మాట చెప్తారు, చేతికి రెండోది ఇస్తారు. డబ్బులు పోయేది ఈ రెండింటి మధ్యలోనే.

ఇది గ్రామర్ గొడవ కాదు ఫ్రెండ్స్. 15 వేలు పెట్టి కొన్న ఫోన్ ఏడో నెలలో ఆగిపోతే మన చేతికి ఏం వస్తుంది అనే ప్రశ్న.

షాపులో వినేది ఒకటి, కార్డులో ఉండేది ఒకటి

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం... ఏ ఊరి మొబైల్ షాపులో అయినా ఈ మాటలు వినిపిస్తాయి:

"అన్నా, దీనికి గ్యారంటీ ఎంత?"

"వన్ ఇయర్ తమ్ముడూ. ఏమన్నా ఐతే నేనున్నా గదా."

ఇక్కడ కస్టమర్‌కు అర్థమయ్యేది: ఏడాదిలోపు ఏమైనా అయితే కొత్త ఫోన్ ఇస్తారు, లేదా ఇదే షాపులో పైసా ఖర్చు లేకుండా బాగు చేసిస్తారు. మరి బాక్సులోని కార్డు మీద ఉండేదేమిటి? 'లిమిటెడ్ వారంటీ'. దాని సారాంశం ఇది: తయారీలో లోపం ఉంటేనే, మామూలుగా వాడితేనే, కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకొస్తేనే బాగు చేస్తాం. రిపేరు చేయాలా, పార్టు మార్చాలా, ఫోనే మార్చాలా అన్నది మేం తేలుస్తాం.

ఒకే ఫోన్, ఒకే ఏడాది. కానీ ఇవి రెండు వేర్వేరు వాగ్దానాలు. మొదటిది ఫోన్ గురించి. రెండోది ఫోన్‌లో ఒక రకం లోపం గురించి మాత్రమే.

మన షాపుల వాడుకలో ఒక లెక్క ఉంది. గ్యారంటీ అంటే పీస్ మార్చి ఇవ్వడం, వారంటీ అంటే రిపేరు చేసి ఇవ్వడం. ఇన్వర్టర్ బ్యాటరీ కొన్న ఇంట్లో ఎవరినైనా అడగండి, బాగా తెలుసు. మొదటి కొన్ని నెలలు ఉచితంగా కొత్త బ్యాటరీ. ఆ తర్వాత 'ప్రో రేటా', అంటే వాడిన కాలాన్ని బట్టి ధరలో కొంత తగ్గింపు. బ్యాటరీ షాపులో ఈ రెండు భాగాలనూ విడగొట్టి చెప్తారు. ఫోన్ షాపులో ఆ అలవాటే లేదు. రిపేరు షాపుల్లో మాత్రం నిజం మొహం మీదే చెప్పేస్తారు: "కాంబో మార్చినాక గ్యారంటీ ఉండదన్నా, ఇక్కడే టచ్ చెక్ చేసుకొని పో." వినడానికి కటువుగా ఉన్నా, నాకు ఆ మాట మీదే గౌరవం ఎక్కువ. ఏం దొరకదో ముందే చెప్పారు.

రెండూ ఒకే ఇంటి పిల్లలు

ఆశ్చర్యం ఏంటంటే, పుట్టుకలో ఈ రెండూ ఒకే మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక వాళ్ల ఫ్రెంచి మాటలు ఇంగ్లిష్‌లోకి వరదలా వచ్చాయి. నార్మన్ ఫ్రెంచిలో 'వ' శబ్దంతో మొదలయ్యే కొన్ని మాటలు పారిస్ వైపు ఫ్రెంచిలో 'గ' శబ్దంతో మొదలయ్యేవి. ఇంగ్లిష్ ఈ రెండు రూపాలనూ తీసుకుంది. వార్డెన్, గార్డియన్ ఒక జత. వారంటీ, గ్యారంటీ ఇంకో జత. మూలార్థం రెండింటికీ ఒకటే: కాపాడతానని మాట ఇవ్వడం.

అందుకే డిక్షనరీ తీస్తే ఒకదాని అర్థంలో ఇంకోటి కనిపిస్తుంది. "రెండూ ఒకటేగా, నీకెందుకు రాద్ధాంతం" అనేవాళ్లు డిక్షనరీ వరకు కరెక్టే. కానీ ఒక ఇంట్లో పుట్టినంత మాత్రాన అన్నదమ్ములు ఒకే పని చేయరు గదా. చట్టంలోకి వచ్చేసరికి ఈ ఇద్దరి దారులూ వేరైపోయాయి.

చట్టం లెక్కలో ఏది ఏంటి

గ్యారంటీతో మొదలుపెడదాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ ప్రకారం గ్యారంటీ అంటే ముగ్గురి వ్యవహారం. అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, "వాడు కట్టకపోతే నేను కడతా" అని నిలబడ్డవాడు. మన భాషలో జామీను. బ్యాంకు లోను కోసం పక్కింటి పెద్దాయన్ని తీసుకెళ్లి సంతకం పెట్టించే పని మనకు కొత్త కాదు. అసలు గ్యారంటీ అంటే అదే. ఇంకొకడి బాకీకి నేను పూచీ అనడం. ఆ సెక్షన్‌లోనే ఇంకో ముక్క ఉంది: గ్యారంటీ రాతపూర్వకంగా ఉండొచ్చు, నోటిమాటగానూ ఉండొచ్చు.

ఇప్పుడు వారంటీ. 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం 12వ సెక్షన్ అమ్మకంలో ఇచ్చే మాటల్ని రెండు రకాలుగా చూస్తుంది. ఒకటి కండిషన్: ఒప్పందానికి ప్రాణం లాంటిది. అది తప్పితే సరుకు వద్దని తిప్పి కొట్టొచ్చు. రెండోది వారంటీ: ప్రధాన ఒప్పందానికి పక్కనుండే మాట. అది తప్పితే నష్టపరిహారం అడగొచ్చు, కానీ ఆ ఒక్క కారణంతో సరుకు వెనక్కి ఇచ్చే హక్కు రాదు.

ఇది ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. మనం ఫోన్ కొనేటప్పుడు అన్నిటికన్నా పెద్ద భరోసా అనుకునే 'వారంటీ' అనే మాటకు ఆ పాత చట్టంలో ఉన్న స్థానం రెండోది. దాని స్వభావమే "పోతే బాగు చేస్తా, కానీ కొన్నది కొన్నట్టే" అనడం. సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో "రీప్లేస్‌మెంట్ రాదు సార్, బోర్డు మారుస్తాం" అన్నప్పుడు మనకు కోపం వస్తుంది. వాళ్లు కార్డులో రాసిన మాటే చెప్తున్నారు. మనం గుర్తుపెట్టుకున్నది మాత్రం షాపులో విన్న మాట.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో మనకు కొంచెం దయ చూపించింది. అందులో చాలాచోట్ల 'వారంటీ లేదా గ్యారంటీ' అని రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. సరైన పరీక్ష చేయకుండా వస్తువు పనితనం మీద ఏ పేరుతో హామీ ఇచ్చినా అది అనుచిత వ్యాపార పద్ధతే. అంటే కేసు దాకా వెళ్తే పేరు ముఖ్యం కాదు, ఇచ్చిన మాట ముఖ్యం.

మరి తేడా ఎందుకు తెలియాలి అంటారా? ఎందుకంటే ఇచ్చిన మాటను చూపించాల్సింది మనం. షాపులో అన్నది గాల్లో ఉంటుంది, కార్డులో రాసింది చేతిలో ఉంటుంది. ఎవరి మాట నిలబడుతుందో చెప్పనక్కర్లేదు.

ఒక కంపెనీకి ఈ తేడా 9 లక్షల యూరోలు

ఈ మాటల తేడాను యూరప్ చాలా సీరియస్‌గా తీసుకుంటుంది. అక్కడ వస్తువు కొంటే కనీసం 2 ఏళ్ల 'లీగల్ గ్యారంటీ' ఉంటుంది. అది చట్టం ఇచ్చేది, అమ్మిన షాపు బాధ్యత. దాని పైన కంపెనీ తనంతట తాను ఇచ్చేది వేరు. 2011 డిసెంబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు 9 లక్షల యూరోల జరిమానా వేసింది. కస్టమర్లకు చట్టం ప్రకారం 2 ఏళ్ల హక్కు ఉందని సరిగ్గా చెప్పకుండా, కంపెనీ ఇచ్చే ఏడాదినే ముందు పెట్టి, పైన యాపిల్‌కేర్ ప్లాన్ అమ్మారన్నది ఆ కేసు సారాంశం. అంటే ఏ హామీ ఎవరిది అన్నది కలిపేసి చెప్పడమే అక్కడ తప్పు.

మన కార్డుల మీద కనిపించే 'లిమిటెడ్' అనే మాటకు అమెరికాలో ఒక చట్టమే ఉంది. 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం అక్కడ రాసిచ్చే వారంటీ మీద అది 'ఫుల్' వారంటీనా, 'లిమిటెడ్' వారంటీనా అని చెప్పాలి. చాలా కంపెనీలు రెండోదే ఎంచుకున్నాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు.

మన దగ్గర? ఫోన్‌కు కనీసం ఇన్ని నెలలు వారంటీ ఇచ్చి తీరాలి అనే చట్టం లేదు. ఏడాది అన్నది కంపెనీలు పాటిస్తున్న ఆనవాయితీ. అందుకే మన దేశంలో కార్డు చదవడం ఇంకా ముఖ్యం. చట్టం గీసిన కనీస గీత లేనప్పుడు, ఆ కార్డే గీత.

కార్డు చదివితే ఏం తెలుస్తుంది

కంపెనీని బట్టి మారతాయి గానీ, ఎక్కువ కార్డుల్లో ఉండేవి ఇవి. ఫోన్‌కు 1 సంవత్సరం. చార్జర్, కేబుల్ లాంటి వాటికి చాలా బ్రాండ్లలో 6 నెలలే. పగిలితే లేదు. తడిస్తే లేదు, ఐపీ68 అని ప్రకటనలో గొప్పగా చెప్పుకున్న ఫోన్‌కైనా సరే. సిమ్ ట్రే దగ్గర లోపల చిన్న స్టిక్కర్ ఒకటి ఉంటుంది, నీరు తగిలితే రంగు మారుతుంది. అది ఎర్రగా కనిపిస్తే ఇక వాదన అయిపోయినట్టే. బయటి రిపేరు షాపులో ఫోన్ విప్పించినా చాలా కంపెనీలు వారంటీ రాదంటాయి.

ఈ చివరి షరతు సిటీలో ఉన్నవాళ్లకు పెద్దగా అనిపించదు. మన పశ్చిమ ప్రకాశంలో దాని బరువు వేరు. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్లయితే నల్లమల ఘాట్ దాటి నంద్యాల వైపు చూస్తారు. తమ బ్రాండ్ సర్వీస్ సెంటర్ దగ్గర్లో లేనివాళ్లకు 'ఉచిత' రిపేరు అంటే ఒకసారి ఇవ్వడానికి, ఇంకోసారి తెచ్చుకోవడానికి బస్సు. అంటే రెండు రోజుల కూలి పోయినట్టే. పని మానుకోలేనివాళ్లు ఊళ్లోనే ఫోన్ విప్పిస్తారు. దాంతో మిగిలిన వారంటీ కూడా పోతుంది. కాగితం మీద అందరికీ ఒకే వారంటీ, కానీ బంజారాహిల్స్‌లో దాని విలువ వేరు, తర్లుపాడులో దాని విలువ వేరు.

'ఎక్స్‌టెండెడ్ వారంటీ', 'డ్యామేజ్ ప్రొటెక్షన్' అని బిల్లులో కలిపేవి మళ్లీ వేరే జాతి. మొదటిది అదే వారంటీని ఇంకొంత కాలం సాగదీస్తుంది, పగిలితే పనికిరాదు. రెండోది దాదాపు ఇన్సూరెన్స్ లాంటిది, పగిలితే పనికొస్తుంది గానీ చాలా ప్లాన్లలో మన జేబులోంచి కూడా కొంత కట్టాలి. "రెండేళ్లు గ్యారంటీ తమ్ముడూ, 999 ఎక్కువ" అని ఒక్క మాటతో తేల్చేస్తే, మనం కొన్నది ఏదో మనకే తెలియదు.

మా ఫీల్డులో ఇదే గొడవ

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కాబట్టి ఒక పోలిక చెప్తా. క్లౌడ్ కంపెనీలు '99.9 శాతం అప్‌టైమ్' అంటాయి. వినడానికి గ్యారంటీలా ఉంటుంది. లెక్కేస్తే 30 రోజుల నెలలో సుమారు 43 నిమిషాలు ఆగిపోయినా మాట తప్పనట్టే. అంతకన్నా ఎక్కువ ఆగితే? సాధారణంగా బిల్లులో కొంత క్రెడిట్ ఇస్తారు. ఆ రోజు మన యాప్ పడిపోయి పోయిన వ్యాపారాన్ని ఎవరూ తిరిగివ్వరు. పేరులో ఏముంది అని కాదు, మాట తప్పితే చేతికి ఏం వస్తుంది అన్నది చూడాలి. కాంట్రాక్టు చదివే ఇంజనీరు మొదట వెతికేది ఆ పేరానే.

ఇంకా తమాషా, మనందరం రోజూ వాడే ఓపెన్ సోర్స్ కోడ్‌లో చాలా భాగం ఎమ్‌ఐటీ లాంటి లైసెన్సులతో వస్తుంది. ఏ రకమైన వారంటీ లేదు అని అందులో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. అది తెలిసే వాడతాం, కాబట్టి టెస్ట్ చేసుకొని వాడతాం. 'లేదు' అని స్పష్టంగా చెప్పడం వల్ల ఎవరూ మోసపోలేదు. సమస్య ఎప్పుడూ సగం చెప్పినప్పుడే.

"షాపాయన మాటే మేలు గదా?"

ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. మన ఊళ్లలో షాపు మాటకు నిజంగానే విలువ ఉంది. చార్జర్ పోయిందని తీసుకెళ్తే బిల్లు కూడా అడగకుండా వేరేది చేతిలో పెట్టేవాళ్లున్నారు. ఫోన్ తీసుకొని తామే సర్వీస్ సెంటర్‌కు పంపి తెప్పించేవాళ్లున్నారు. ఆన్‌లైన్‌లో 500 తక్కువకు దొరుకుతున్నా మనవాళ్లు ఇంకా షాపుకు వెళ్తున్నారంటే దానికి ఇదీ ఒక కారణం.

పైన చెప్పిన జామీను గుర్తుందా? "ఏమన్నా ఐతే నేనున్నా గదా" అన్న షాపాయన చేస్తున్నది అచ్చం అదే. ఎక్కడో ఉన్న కంపెనీ తరఫున ఈయన పూచీ పడుతున్నాడు. కోర్టులో అది 126వ సెక్షన్ కింద నిలుస్తుందని నేను అనడం లేదు, భావం మాత్రం అదే. ఆ లెక్కన షాపాయన 'గ్యారంటీ' అన్నది తప్పు మాట కాదు. నిజానికి ఆ బాక్సు మొత్తంలో అసలైన గ్యారంటీ ఏదైనా ఉంటే అది ఆయన మాటే. కంపెనీ ఇచ్చేది వారంటీ, ఆయన ఇచ్చేది గ్యారంటీ. తేడా అల్లా, ఒకటి అచ్చులో ఉంది, ఇంకోటి లేదు.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన మనకు వేరే చెప్పాలా? పలక మీద రాసింది చేత్తో తుడిస్తే పోతుంది. నోటిమాట కూడా అంతే. షాపులో కుర్రాడు మారిపోతాడు, షాపు చేతులు మారుతుంది, దసరా రద్దీలో ఏం చెప్పారో వాళ్లకే గుర్తుండదు. మంచివాడి మాట కూడా కాగితం మీద ఉంటేనే ఇద్దరికీ మంచిది. జామీను సంతకం పెట్టించుకునే బ్యాంకు ఆ పెద్దాయన మంచితనాన్ని అనుమానించి పెట్టించుకోదు గదా.

నా అభిప్రాయం ఇది

ముందు షాపు అన్నలకు. 'వన్ ఇయర్ గ్యారంటీ' అనడం మానేయండి అని నేను అడగను, ఆ మాట మనది. దానికి రెండు ముక్కలు కలపండి: "కంపెనీ ఏడాది రిపేరు చేస్తుంది. వారం లోపల ఏమన్నా ఐతే నేను మారుస్తా." ఎన్ని రోజులన్నది మీ ఇష్టం. కానీ ఆ రెండో వాక్యాన్ని బిల్లు వెనక రాసి ముద్ర వేయండి. నమ్మకం తగ్గదు, పెరుగుతుంది.

కంపెనీలకు. ప్రకటనలు తెలుగులో ఇస్తారు, హీరోలతో తెలుగులో చెప్పిస్తారు. మరి వారంటీ కార్డు తెలుగులో ఎందుకు ఉండదు? 10 లైన్లు చాలు. ఏది కవర్ అవుతుంది, ఏది కాదు, ఎక్కడికి తీసుకురావాలి.

రివ్యూలు రాసే మాకు కూడా. బ్యాటరీ ఎంత, కెమెరా ఎంత, చిప్ ఏది అని టేబుల్ వేస్తాం. అదే టేబుల్‌లో వారంటీ ఎన్ని నెలలు, యాక్సెసరీలకు ఎన్ని, నీళ్లు తగిలితే ఉందా లేదా అన్న లైన్లు కూడా ఉండాలి. ఏడేళ్ల అప్‌డేట్లు అని హెడ్డింగ్ పెడతాం, కానీ ఫోన్ బోర్డుకు హామీ ఏడాదే అన్నది అదే వాక్యంలో చెప్పం. చెప్పాలి.

ఇక మనం. ఫోన్ కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి:

1. పోతే మారుస్తారా, బాగు చేస్తారా?
2. అది చేసేది మీరా, కంపెనీనా?
3. ఎక్కడికి తీసుకెళ్లాలి, పంపే పని మీరు చేస్తారా?
4. మీరు చెప్పింది బిల్లు మీద రాస్తారా?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మొదటి మూడింటి విలువ తెలిసిపోతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా సర్వీస్ ఇవ్వకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ల లోపు కేసు వేయాలి. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. కానీ ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది బిల్లు, కార్డు.

ఇంట్లో బీరువాలోనో, టీవీ కిందో ఫోన్ బాక్సు దాచి ఉంటారు. ఈరోజు ఒకసారి తీసి ఆ కార్డు చదవండి. అమ్మకో, చిన్నాన్నకో కొనిచ్చిన ఫోన్‌దైతే ఇంకా ముఖ్యం, వాళ్లకు తెలుగులో చదివి చెప్పండి. గడువు తేదీ కూడా చూసుకోండి. కొన్ని నెలలు మిగిలి ఉండొచ్చు.